బొమ్మ కింద తేదీ

రెండు ప్రపంచయుద్ధాల కాలంలో అమెరికా, బ్రిటన్ పత్రికలు తమ చట్టసభల సభ్యుల మీద వేసిన కార్టూన్ల గురించి ఈ నెల వచ్చిన ప్రశ్నలివి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒకే చోట జవాబిస్తున్నాం.

*ప్రశ్న: 1941లో న్యూయార్క్ ‘పీఎం’ పత్రికలో డాక్టర్ స్యూస్ వేసిన కార్టూన్లు చూశాను. యుద్ధం మనకెందుకన్న వాళ్ళంతా ఇసుకలో తల దూర్చిన నిప్పుకోళ్ళలా కనిపిస్తారు. అప్పటి అమెరికా జనం తమ సెనేటర్ల గురించి నిజంగా అలాగే అనుకున్నారా?*

అనుకున్నవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ సంగతి బొమ్మ చెప్పదు. జనం చేత ఏమనిపించాలని ఆ పత్రిక పట్టుబట్టిందో, అది మాత్రమే చెబుతుంది. ఈ తేడా తెలియకపోతే యుద్ధకాలపు కార్టూన్ ఏదీ సరిగ్గా చదవలేం.

‘పీఎం’ 1940 జూన్‌లో మొదలైంది. ప్రకటనలు తీసుకోని పత్రిక. హిట్లర్‌ను ఎదిరించి తీరాలన్నది దాని బహిరంగ వైఖరి. డాక్టర్ స్యూస్‌గా పేరుపడ్డ థియొడార్ గైసెల్ అందులో 1941 జనవరి చివరి నుంచి 1943 జనవరి మొదటి దాకా 400కు పైగా కార్టూన్లు వేశాడు. మోంటానా సెనేటర్ బర్టన్ వీలర్, నార్త్ డకోటా సెనేటర్ జెరాల్డ్ నై, న్యూయార్క్ ప్రతినిధి హామిల్టన్ ఫిష్ ఆయన కుంచెకు పదేపదే దొరికారు. 1941 అక్టోబర్ 1 నాటి బొమ్మ ఒకటి చూడండి. యుద్ధానికి దూరంగా ఉండాలన్న ‘అమెరికా ఫస్ట్’ సంఘం పేరు రాసి ఉన్న దుస్తులేసుకున్న ఒక తల్లి, పిల్లలకు తోడేలు కథ చదివి వినిపిస్తోంది. తోడేలు పిల్లల్ని నమిలి ఎముకలు ఉమ్మేసిందట, కానీ వాళ్ళు పరాయి దేశపు పిల్లలు కాబట్టి ఫరవాలేదట. వినే పిల్లల కళ్ళల్లో భయం చూస్తే, ఆ మాట ఎవరిని తాకాలని వేశాడో తెలిసిపోతుంది.

అదే కాలంలో షికాగో ట్రిబ్యూన్ మొదటి పేజీ పక్కన పెట్టి చూడండి. ‘పీఎం’ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ అమ్ముడయ్యే ఆ పత్రికలో కేరీ ఓర్ లాంటివాళ్ళ కార్టూన్లు మొదటి పేజీలోనే వచ్చేవి. అక్కడ దోషి రూజ్‌వెల్ట్. దేశాన్ని యుద్ధంలోకి ఈడ్చుకుపోతున్నది ఆయనేనని ఆ బొమ్మలు చెబుతాయి. రెండు పత్రికలూ జనం పేరు చెప్పే మాట్లాడాయి.

నిజానికి జనం మాట ఎటుంది? గాలప్ సర్వేలు 1935లోనే మొదలయ్యాయి కాబట్టి కొంత ఆధారం ఉంది. 1941లో ‘మనం ఇప్పుడే యుద్ధంలో దిగాలా’ అని అడిగితే ఎక్కువమంది వద్దన్నారు. అదే ఏడు ‘యుద్ధంలో ఇరుక్కునే ప్రమాదం ఉన్నా బ్రిటన్‌కు సాయం చేయాలా’ అంటే ఎక్కువమంది చేయాలన్నారు. సగం మాట ‘పీఎం’కు, సగం మాట ట్రిబ్యూన్‌కు పనికొచ్చింది.

సభలో ఓట్లు కూడా ఇదే చెబుతాయి. బ్రిటన్‌కు ఆయుధాలిచ్చే లెండ్-లీజ్ బిల్లు ఫిబ్రవరిలో ప్రతినిధుల సభలో 260-165తో సులభంగానే గట్టెక్కింది. అదే సభలో ఆగస్టు 12న, నిర్బంధ సైనిక సేవ గడువు పెంచే బిల్లు 203-202తో, ఒక్క ఓటు తేడాతో బయటపడింది. ఆయుధాలు ఇవ్వొచ్చు గానీ కొడుకుల్ని ఇంకా పంపించి ఉంచమంటే ఎలా అన్న ఊగిసలాట అది. నిప్పుకోడి బొమ్మలో ఆ ఊగిసలాటకు చోటు లేదు.

ఇంకొకటి. ఇన్ని బొమ్మలు ఫిష్ మీద పడ్డా ఆయన నియోజకవర్గం 1942 నవంబర్‌లో ఆయన్ని మళ్ళీ గెలిపించింది. ఓడింది 1944లో. నై కూడా ఆ ఏడే ఓడాడు. వీలర్ 1946లో సొంత పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే ఓడాడు. కార్టూన్ కొట్టిన దెబ్బకే పడిపోయారని రాసేవాళ్ళు ఈ తేదీలు ఒకసారి చూడాలి.

*ప్రశ్న: ఆ కాలపు అమెరికా కార్టూన్లలో కళ్ళజోడు, మీసం, టోపీ ఉన్న ఒక చిన్న మనిషి ఎప్పుడూ మూలన నిలబడి ఉంటాడు. ఎవరతను?*

జాన్ క్యూ పబ్లిక్. ఓటరు, పన్ను కట్టేవాడు, సామాన్యుడు, అన్నీ ఆయనే. ఈ రూపాన్ని స్థిరపరిచింది షికాగో డైలీ న్యూస్ కార్టూనిస్టు వాన్ షూమేకర్ అని చెబుతారు. అంతకు ముందు తరంలో ఫ్రెడరిక్ ఓపర్ ‘మిస్టర్ కామన్ పీపుల్’ అని ఒక బక్క మనిషిని వేశాడు. లండన్ డైలీ ఎక్స్‌ప్రెస్‌లో సిడ్నీ స్ట్రూబ్ వేసిన ‘లిటిల్ మ్యాన్’ చేతిలో గొడుగు, మెడలో బో టై.

ఈ చిన్న మనిషి సైజు గమనించండి. సెనేటర్ పొట్ట ఎంత పెద్దదైతే ఇతను అంత కుదించుకుపోతాడు. కార్టూనిస్టు అభిప్రాయం మాటల్లో కన్నా ఈ కొలతల్లోనే ఎక్కువ దొరుకుతుంది. అతను ఎటు చూస్తున్నాడో కూడా చూడండి. సభ వైపు చూస్తుంటే ఫిర్యాదు. పాఠకుడి వైపు తిరిగితే ‘నువ్వేం చేస్తావ్’ అని అడుగుతున్నట్టు. ఇక అతను ఎప్పుడూ తెల్లవాడు, మగవాడు, మధ్యతరగతివాడు. యుద్ధ కర్మాగారంలో పనిచేసే స్త్రీ, ఓటు హక్కు కాగితం మీదే ఉన్న దక్షిణాది నల్లజాతి పౌరుడు ‘పబ్లిక్’ అన్న చీటీ కిందికి రాలేదు. ప్రజాభిప్రాయం అని ఆ బొమ్మలు చూపించేది ఎవరి అభిప్రాయమో లెక్కగట్టేటప్పుడు ఇది మరిచిపోకూడదు.

*ప్రశ్న: ఒక్క కార్టూన్ వల్ల బ్రిటన్‌లో ఒక దినపత్రికను మూసేయబోయారని విన్నాను. నిజమేనా?*

నిజమే, మూసేస్తామని మంత్రి హెచ్చరించేదాకా వెళ్ళింది. పత్రిక డైలీ మిర్రర్, కార్టూనిస్టు ఫిలిప్ జెక్, సమయం 1942 మార్చి మొదటి వారం.

బొమ్మ చాలా తక్కువ గీతలతో ఉంటుంది. నల్లటి సముద్రం. ఓడ మునిగిపోగా మిగిలిన తెప్ప లాంటి చెక్కల మీద ఒక నావికుడు బోర్లా పడి ఉన్నాడు. చుట్టూ ఇంకేం లేదు. కింద ‘పెట్రోలు ధర ఒక పెన్నీ పెరిగింది — అధికారిక ప్రకటన’ అన్న వాక్యం.

జెక్ చెప్పదలుచుకున్నది పొదుపు గురించి: మీరు వృథా చేసే ప్రతి చుక్కనూ ఎవరో ప్రాణం పెట్టి తెస్తున్నారని. ఆయన మొదట రాసుకున్న వాక్యం ఇంత పదునుగా లేదు. అదే పత్రికలో ‘కసాండ్రా’ పేరుతో రాసే విలియం కానర్ దాన్ని ఇలా మార్చాడు. చిక్కు అక్కడే వచ్చింది. పెరిగిన పెన్నీ ఎవరి జేబులోకి వెళ్ళిందో వాక్యంలో లేదు. కంపెనీల లాభం కోసం నావికులు చస్తున్నారని ప్రభుత్వం చదువుకుంది. హోం మంత్రి హెర్బర్ట్ మారిసన్ పత్రిక పెద్దల్ని పిలిపించి, యుద్ధ ప్రయత్నానికి పనిగట్టుకుని వ్యతిరేకత రెచ్చగొట్టే పత్రికను ఆపేసే అధికారమిచ్చే 2డి నిబంధనను గుర్తు చేశాడు. అది ఉత్తుత్తి బెదిరింపు కాదు. అదే నిబంధన కింద 1941 జనవరిలో కమ్యూనిస్టుల పత్రిక డైలీ వర్కర్ మూతపడింది, అప్పటికి ఇంకా తెరుచుకోలేదు కూడా.

మార్చి 26న కామన్స్ సభలో దీనిమీద చర్చ జరిగింది. ఒక బొమ్మకు పత్రికను మూసేస్తే ఇక మనం యుద్ధం చేస్తున్నది దేనికని పలువురు సభ్యులు అడిగారు. మిర్రర్ మూతపడలేదు. ఇదే మారిసన్ రెండేళ్ళ ముందు ఇంకో కార్టూన్‌లో హీరోలా కనిపిస్తాడు. 1940 మే 14న ఈవెనింగ్ స్టాండర్డ్‌లో డేవిడ్ లో అనే కార్టూనిస్టు వేసిన ‘మేమంతా నీ వెనకే, విన్‌స్టన్’ అన్న బొమ్మలో చర్చిల్ పక్కన చొక్కా చేతులు మడుస్తూ నడిచొచ్చే నాయకుల్లో ఆయనా ఉన్నాడు. నార్వేలో బ్రిటన్ సైనిక వైఫల్యం మీద సభలో జరిగిన చర్చ తర్వాత ప్రధాని చాంబర్లేన్ దిగిపోయి, సంకీర్ణ ప్రభుత్వం అప్పుడే ఏర్పడుతోంది. ఒకే మనిషి, రెండు తేదీలు, రెండు బొమ్మలు.

జెక్ కథ ఇంకొంచెం ఉంది. 1945 మే 8న, ఐరోపాలో యుద్ధం ముగిసిన రోజు, గాయాల కట్లతో ఒక సైనికుడు విజయం, శాంతి అని రాసి ఉన్న దండను మన చేతికి అందిస్తున్నట్టు వేశాడు. ‘ఇదిగో తీసుకోండి, మళ్ళీ పోగొట్టుకోకండి’ అని కింద. సరిగ్గా అదే బొమ్మను మిర్రర్ జులై 5న, పార్లమెంటు ఎన్నికల పోలింగ్ రోజున, మొదటి పేజీలో మళ్ళీ అచ్చేసింది. గీత ఒక్కటి కూడా మారలేదు. మే 8న అది సంతాపం, కృతజ్ఞత. జులై 5న అది ఓటు అభ్యర్థన. లేబర్ పార్టీకి 393 స్థానాలొచ్చాయి. ఆ గెలుపుకు కారణాలు చాలా ఉన్నాయి, బొమ్మ ఒక్కటే కాదు. అయినా తేదీ మారితే అర్థం ఎలా మారుతుందో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు తెలియదు.

*ప్రశ్న: నేను డ్రాయింగ్ నేర్పుతాను. 1940ల నాటి పత్రికా కార్టూన్ ఎలా తయారయ్యేదో పిల్లల చేత చేయించి చూపాలని ఉంది. ఏ కాగితం, ఏ సిరా? మేం ప్రయత్నిస్తే నీడలన్నీ మురికి మరకల్లా వస్తున్నాయి.*

మరకలకు కారణం మీరు వాడుతున్న బూడిద రంగు. అప్పటి పత్రికలో బ్లాకు, అంటే బొమ్మ అచ్చేసే లోహపు దిమ్మ, తీసే కెమెరాకు నలుపు, తెలుపు రెండే తెలుసు. పెన్సిల్ నీడ గానీ, నీళ్ళు కలిపిన సిరా గానీ అయితే మాయమయ్యేది, లేదంటే నల్లగా పూడుకుపోయేది. ఫొటోల్లాగా చుక్కల తెర పెట్టి తీయొచ్చు గానీ, న్యూస్‌ప్రింట్‌కు పనికొచ్చే తెర అంగుళానికి 60, 65 గీతలకు మించదు. దానిలో కార్టూన్ పదును చచ్చిపోతుంది.

అందుకని గరుకు కాగితం. కోకిల్ బోర్డు అనే రకం మీద సన్నని బొడిపెలుంటాయి. దానిమీద నల్లటి లిథో క్రేయాన్, అంటే జిడ్డు పెన్సిల్, అడ్డంగా పట్టి రుద్దితే బొడిపెల మీదే రంగు అంటుకుంటుంది, గుంటలు తెల్లగా ఉండిపోతాయి. దగ్గర నుంచి చూస్తే ప్రతి చుక్కా చిక్కటి నలుపు. దూరం నుంచి చూస్తే బూడిద రంగు. చేత్తో తేలిగ్గా రుద్దితే చుక్కలు అచ్చులో ఎగిరిపోతాయి, గట్టిగా రుద్దితే గుంటలు నిండి మరక అవుతుంది. మధ్యస్తపు ఒత్తిడి చేతికి అలవాటయ్యేదాకా విడి ముక్కల మీద సాధన చేయించండి. క్రాఫ్టింట్ అని ఇంకో బోర్డు కూడా వచ్చింది. అందులో కనిపించని గీతలు ముందే అచ్చై ఉంటాయి, రెండు రకాల రసాయనాలు కుంచెతో పూస్తే ఒకదానికి లేత నీడ, ఇంకోదానికి ముదురు నీడ పైకి తేలతాయి. గరుకు కాగితం దొరక్కపోతే మామూలు డ్రాయింగ్ కాగితం కింద ఉప్పుకాగితం పెట్టి రుద్దినా పని జరుగుతుంది.

అచ్చులో 7 అంగుళాల వెడల్పు కావాలంటే కాగితం మీద 14 అంగుళాలు వేయించండి. సగానికి తగ్గినప్పుడు చేతి వణుకు కనపడదు. కానీ గీత మందం కూడా సగమవుతుంది, కాబట్టి సన్నని కలం గీతల్ని అరమిల్లీమీటరుకు తగ్గనివ్వొద్దు. అక్షరాల ఎత్తు 6 మిల్లీమీటర్లన్నా ఉండాలి. ముందు లేత నీలం పెన్సిల్‌తో గీసుకోవాలి. అప్పటి ఫిల్ముకు నీలం తెలుపులాగే కనపడేది కాబట్టి చెరపాల్సిన పని ఉండేది కాదు. దానిమీద ఇండియన్ ఇంకుతో కుంచె గీతలు, తర్వాత క్రేయాన్, చివర తప్పులమీద తెల్లరంగు. సిరా ఆరకముందు క్రేయాన్ జోలికి పోవద్దు. క్రేయాన్ జిడ్డు మీద సిరా అసలు నిలవదు కాబట్టి వరస తిరగేయకూడదు.

బ్లాకు ఎలా చేసేవారో పిల్లలకు చెప్పండి, వాళ్ళకు నచ్చుతుంది. జింకు రేకు మీద వెలుగుకు గట్టిపడే పూత పూసి, నెగెటివ్ పెట్టి, ఆర్క్ దీపం వెలుగు చూపేవారు. వెలుగు తగిలిన గీతలు గట్టిపడేవి, మిగతా పూతను కడిగేసి రేకును నైట్రిక్ యాసిడ్‌లో ముంచేవారు. యాసిడ్ లోతుకే కాదు, పక్కలకు కూడా తింటుంది. అలా వదిలేస్తే గీత మొదలు కొరుక్కుపోయి విరుగుతుంది. అందుకని మధ్యమధ్యలో రేకును తీసి, ‘డ్రాగన్స్ బ్లడ్’ అనే ఎర్రటి గుగ్గిలం పొడిని నాలుగు దిక్కుల నుంచీ బ్రష్‌తో గీతల పక్కలకు అంటించి, వేడి చేసి కరిగించి, మళ్ళీ ముంచేవారు. ఇలా మూడు నాలుగు సార్లు. తర్వాత రేకును కర్ర దిమ్మకు మేకులతో కొట్టి అచ్చు అక్షరాల ఎత్తుకు, 0.918 అంగుళానికి, తెచ్చేవారు.

మీకు యాసిడ్ అక్కర్లేదు. జిరాక్స్ యంత్రంలో 50 శాతానికి తగ్గించి, ఫొటో సెట్టింగ్ తీసేసి టెక్స్ట్ సెట్టింగ్‌లో కాపీ తీయండి. పాత కెమెరాలాగే అది బూడిద రంగును ఒప్పుకోదు.

బొమ్మలో చీటీలు మూడుకు మించనివ్వొద్దు. పిల్లలు అన్నిటికీ పేర్లు రాసేస్తారు, అప్పుడది పటం అవుతుంది. ఒక సూచన: తరగతిని రెండు జట్లు చేసి ఆ 203-202 ఓటు మీదే వేయమనండి. ఒక జట్టు 1941 ఆగస్టు 11 పత్రికకు, ఇంకో జట్టు 13 పత్రికకు. ముందురోజు బొమ్మ సభ్యుణ్ణి బతిమాలుతుంది, లేదా బెదిరిస్తుంది. తర్వాతి రోజుది తీర్పు చెబుతుంది.

*ప్రశ్న: జనం కోపం వల్ల అమెరికా కాంగ్రెస్ యుద్ధకాలంలో ఎప్పుడైనా వెనక్కి తగ్గిందా?*

తగ్గింది, అదీ కొన్ని వారాల్లోనే. 1942 జనవరిలో కాంగ్రెస్ తన సభ్యులకు కూడా పింఛను వచ్చేలా చట్టం చేసుకుంది. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగి రెండు నెలలు కూడా కాలేదు. అప్పట్లో బ్రిటన్ కోసం బట్టలు, దుప్పట్లు పోగుచేసే ‘బండిల్స్ ఫర్ బ్రిటన్’ అనే సంస్థ ఉండేది. దాన్ని అనుకరిస్తూ వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ ఊరివాళ్ళు ‘బండిల్స్ ఫర్ కాంగ్రెస్’ మొదలుపెట్టి, పాపం సభ్యుల కోసం పాత బట్టలు, పాత బూట్లు పంపమన్నారు. ఆ నవ్వు దేశమంతా పాకింది, మార్చిలో సభ ఆ పింఛను రద్దు చేసుకుంది. సభ్యులకు పింఛను మళ్ళీ వచ్చింది 1946లో.

మే నెలలో ఇంకో గొడవ. జలాంతర్గాములు ట్యాంకర్లను ముంచేస్తుంటే తూర్పు తీరంలో పెట్రోలు రేషన్ పెట్టారు. మామూలు ‘ఏ’ కార్డుకు వారానికి 3 గ్యాలన్ల దాకా దక్కేది. ‘ఎక్స్’ కార్డుకు పరిమితే లేదు. దాదాపు 200 మంది కాంగ్రెస్ సభ్యులు ఎక్స్ కార్డు తీసుకున్నారని బయటపడింది. కార్టూనిస్టుకు ఇలాంటిది వరం. ఎందుకంటే దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు, కారు అద్దం మీద ఒక్క అక్షరం రాస్తే చాలు.

*ప్రశ్న: యుద్ధాన్ని విమర్శించిన కార్టూనిస్టులు జైలుకెళ్ళారా?*

మొదటి ప్రపంచయుద్ధంలో అంచుదాకా వెళ్ళారు. 1917 జూన్ 15న అమలుకొచ్చిన గూఢచర్య చట్టం కింద ‘ద మాసెస్’ పత్రిక ఆగస్టు సంచికను తపాలా శాఖ పంపనంది. సంపాదకులతో పాటు కార్టూనిస్టులు ఆర్ట్ యంగ్, హెన్రీ గ్లింటెన్‌క్యాంప్‌ల మీద కేసు పెట్టారు. గరిష్ఠ శిక్ష 20 ఏళ్ళు. 1918లో రెండుసార్లు విచారణ జరిగినా రెండుసార్లూ జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, కేసు వదిలేశారు. అదే ఏడు ప్రభుత్వ ప్రచార కమిటీ కార్టూనిస్టులకు ఏ విషయం మీద బొమ్మలు వేస్తే బాగుంటుందో సూచిస్తూ ప్రతివారం ఒక బులెటిన్ పంపేది. ఆ నెలల నాటి బొమ్మలు చాలా పత్రికల్లో ఒకే పాట పాడుతుంటే, దాన్ని ప్రజాభిప్రాయంగా లెక్కపెట్టకండి.

*ప్రశ్న: డాక్టర్ స్యూస్ యుద్ధకాలపు బొమ్మల్ని మెచ్చుకుంటూ రాస్తారు. జపనీయుల మీద వేసినవాటి సంగతి ఎందుకు చెప్పరు?*

చెప్పాలి. 1942 ఫిబ్రవరి 13న ‘పీఎం’లో ఒక బొమ్మ వచ్చింది. వాషింగ్టన్, ఆరెగాన్, కాలిఫోర్నియా తీరం వెంట ఒకే ముఖం ఉన్న జపనీయ అమెరికన్లు బారులు తీరి, ఒక గుడిసె దగ్గర పేలుడు పదార్థాల పొట్లాలు అందుకుంటున్నారు. ఒకడు కప్పు మీదెక్కి దుర్భిణీతో స్వదేశం నుంచి సంకేతం కోసం చూస్తున్నాడు. ఆరు రోజుల తర్వాత, ఫిబ్రవరి 19న, ఎంచుకున్న ప్రాంతాల నుంచి ఎవరినైనా తరలించే అధికారం సైన్యానికిచ్చే 9066 ఉత్తర్వు మీద రూజ్‌వెల్ట్ సంతకం చేశాడు. దాన్ని ధిక్కరించినవాళ్ళను శిక్షించే చట్టాన్ని కాంగ్రెస్ మార్చిలో దాదాపు చర్చే లేకుండా ఆమోదించింది. సుమారు 1,20,000 మందిని ఇళ్ళ నుంచి తరలించి శిబిరాల్లో పెట్టారు. వాళ్ళలో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే. 1988లో కాంగ్రెస్ క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చింది.

ఆ బొమ్మ వల్లే ఉత్తర్వు వచ్చిందని అనలేం, అప్పటికే పశ్చిమ తీర రాజకీయ నాయకులు గట్టిగా అడుగుతున్నారు. కానీ నల్లజాతివారి మీద, యూదుల మీద వివక్షను అదే పత్రికలో అంత ధైర్యంగా ఎదిరించిన చెయ్యే ఇదీ గీసింది. వీలర్, నైలకు వాళ్ళ సొంత ముఖాలు ఇచ్చినవాడు ఇక్కడ అందరికీ ఒకే ముఖం వేశాడు. పిల్లలకు ఆయన యుద్ధకాలపు బొమ్మలు చూపించేవాళ్ళు నిప్పుకోళ్ళ పక్కన దీన్నీ పెట్టి చూపించాలి.

*ప్రశ్న: ఫోన్లో తిరిగే పాత కార్టూన్ అసలైనదో కాదో ఎలా తెలుసుకోవాలి?*

సంతకం, పత్రిక పేరు, తేదీ మూడూ లేకపోతే నమ్మకండి. అంచులు కత్తిరించిన బొమ్మలో తేదీయే ముందు పోతుంది. తర్వాత మూలంతో పోల్చండి. స్యూస్ ‘పీఎం’ కార్టూన్లు శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, తేదీల వారీగా చూసే వీలుతో ఉన్నాయి. వాషింగ్టన్ కార్టూనిస్టు క్లిఫర్డ్ బెరీమన్ వేసిన సుమారు 2,400 మూలచిత్రాలు అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. డేవిడ్ లో, జెక్, స్ట్రూబ్‌ల కోసం కెంట్ విశ్వవిద్యాలయంలోని బ్రిటిష్ కార్టూన్ ఆర్కైవ్ చూడండి. నీడల్ని పెద్దది చేసి చూస్తే క్రేయాన్ చుక్కలు ఒక క్రమం లేకుండా, పెద్దా చిన్నా కలిసి ఉండాలి. మెత్తగా, అతుకు లేకుండా జారిపోయే బూడిద రంగు కనిపిస్తే ఆ నీడ 1941 నాటి జింకు బ్లాకు నుంచి వచ్చింది కాదు. అయితే అది మూలచిత్రం ఫొటో కూడా కావచ్చు కాబట్టి, అదొక్కటే చూసి నకిలీ అనేయకండి, తేదీ పట్టుకుని ఆ రోజు పత్రిక పేజీ వెతకండి.